వలయంలో నిలబడినవాడు సాతాను భక్తుడు కాడు

2016లో వచ్చిన ‘ద కాంజ్యూరింగ్ 2’ చూసినవాళ్లకు వాలక్ అనగానే పాలిపోయిన మొహంతో, నల్లటి అంగీతో ఉన్న క్రైస్తవ సన్యాసిని గుర్తొస్తుంది. ఆ పేరు సినిమావాళ్లు పుట్టించింది కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో కూర్చిన ‘లెమెగెటన్’ అనే మంత్రగ్రంథంలో 72 దయ్యాల పట్టిక ఉంది. అందులో 62వది వాలక్. అక్కడ సన్యాసిని లేదు. దేవదూత రెక్కలున్న ఒక చిన్న పిల్లవాడు రెండు తలల డ్రాగన్ మీద ఎక్కి వస్తాడు. పాతిపెట్టిన నిధులు ఎక్కడున్నాయో, పాములు ఎక్కడ కనిపిస్తాయో చెబుతాడు.

సినిమా తన అవసరం కొద్దీ కథ మార్చుకుంటుంది. దాంతో పేచీ లేదు. పేచీ అంతా ఆ సినిమాల వెనక స్థిరపడిపోయిన నమ్మకంతోనే. పాశ్చాత్య దేశాల్లో దయ్యాన్ని పిలిచే తంతు అంటే సాతాను ఆరాధన అనీ, దేవుణ్ని దూషించి, సిలువను తలకిందులు చేసి, నెత్తురుతో సంతకం పెట్టి ఆత్మను అమ్ముకోవడమనీ అందరూ అనుకుంటున్నారు. ప్రసంగాల్లో, టీవీ కార్యక్రమాల్లో, పత్రికల వారాంతపు పేజీల్లో ఇదే మాట తిరుగుతోంది. ఆ తంతు రాసిపెట్టిన పుస్తకాలు చదివితే ఈ మాట నిలవదు. పైగా ఇది ఎవరికీ హాని చేయని పొరపాటు కాదు. దీన్ని పట్టుకుని న్యాయస్థానాలు మనుషుల్ని చంపాయి.

ముందు పుస్తకాలు చూద్దాం. పీటర్ ఆఫ్ అబానో అనే ఇటలీ వైద్యుడి పేరు తగిలించి 16వ శతాబ్దంలో అచ్చువేసిన ‘హెప్టామెరాన్’ ఈ విద్యలో బాగా చలామణీ అయిన పుస్తకం. దాని ప్రకారం దయ్యాన్ని పిలవదలచినవాడు తొమ్మిది రోజుల ముందు నుంచీ శుచిగా ఉండాలి. పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి. దొరికితే గురువులు పూజలో ధరించే వస్త్రం, దొరక్కపోతే శుభ్రమైన నారబట్ట కట్టుకోవాలి. నేలమీద గీసిన వలయాల్లో దేవదూతల పేర్లు, దేవుని పవిత్ర నామాలు రాయాలి. లోపల ఆల్ఫా, ఓమేగా అని రాయాలి. వలయం పూర్తయ్యాక దాని మీద తీర్థం చల్లుతూ, దావీదు 51వ కీర్తనలో హిస్సోపుతో నన్ను శుద్ధి చేయమని వేడుకునే మాటలు పలకాలి. ఆ కాలపు చర్చిలో ఆదివారం పూజకు ముందు గురువు జనం మీద తీర్థం చల్లుతూ పలికినవీ ఆ మాటలే.

ఇందులో దేవదూషణ ఎక్కడుంది? ఉన్నదంతా చర్చి సామగ్రే. ఉపవాసం, ఒప్పుకోలు, కీర్తన, తీర్థం, ధూపం అన్నీ అక్కడివే. దయ్యం రావలసింది కూడా దేవుని పేరు మీద ఇచ్చిన ఆజ్ఞకు లోబడి.

‘లెమెగెటన్’లో ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మాంత్రికుడు నిలబడేది తొమ్మిది అడుగుల వలయంలో. దయ్యానికి కేటాయించింది దానికి రెండడుగుల దూరంలో, మూడడుగుల త్రికోణం. అందులో ప్రధాన దూత మిఖాయేలు పేరు రాసి ఉంటుంది. పిలిస్తే రాని దయ్యానికి ఏం చేయాలో కూడా ఆ పుస్తకం చెబుతుంది. దాని ముద్రను ఒక నల్లపెట్టెలో పెట్టి, గంధకం, ఇంగువ లాంటి ఘాటు వస్తువులు వేసి, తీగ చుట్టి, కత్తి మొనకు తగిలించి బొగ్గుల మంట మీద పట్టాలి. పూజించే దైవాన్ని ఎవరూ మంట మీద పెట్టి బెదిరించరు. ఇది ఖైదీకి వేసే శిక్ష. ఆ 72 దయ్యాలనూ సొలొమోను రాజు ఒకసారి ఇత్తడి పాత్రలో బంధించాడన్నది ఆ పుస్తకం చెప్పుకునే పురాణం. మాంత్రికుడు తనను ఆ సొలొమోనుకు వారసుడిగా ఊహించుకుంటాడు, దయ్యానికి దాసుడిగా కాదు. భేతాళుణ్ని భుజాన మోసిన విక్రమార్కుణ్ని తెలుగువాళ్లెవరూ భేతాళ భక్తుడనరు.

ఇక ఈ పని చేసిందెవరు? ఊరవతల గుడిసెలో కూర్చున్న ముసలావిడ కాదు. ఆమెకు లాటిను రాదు, ఆమె చేతికి పుస్తకం అందదు. దయ్యాల్ని పిలిచినవాళ్లలో ఎక్కువమంది చర్చి మనుషులే. గురువులు, సన్యాసులు, గురుపట్టానికి చదువుకుంటున్న కుర్రవాళ్లు. మధ్యయుగాల చరిత్రకారుడు రిచర్డ్ కీక్‌హెఫర్ ఈ సంగతిని తిరుగులేకుండా చూపించాడు. మ్యూనిక్‌లోని బవేరియా గ్రంథాలయంలో ఉన్న 15వ శతాబ్దపు లాటిను రాతప్రతిని ఆయన 1997లో పరిష్కరించి ప్రచురించాడు. అది పనిలో వాడుకున్న మాంత్రికుడి చేతిపుస్తకం. ఒక స్త్రీ మనసు మళ్లించడానికి ఒక ప్రయోగం, ఎక్కి వెళ్లడానికి గుర్రాన్ని రప్పించడానికి ఇంకొకటి, గాలిలో కోటను చూపించడానికి మరొకటి. దొంగను పట్టడానికి పిల్లవాడి గోటికి నూనె రాసి అందులో చూపించే అంజనమూ ఉంది. ఈ ప్రయోగాల్లో వాడిన మాటలు చాలావరకు చర్చిలో దయ్యాలు వదిలించడానికి చదివే మాటల అచ్చులోనే ఉన్నాయి.

అది యాదృచ్ఛికం కాదు. కేథలిక్ చర్చిలో గురువు కావాలంటే ముందు కొన్ని చిన్న పట్టాలు పుచ్చుకోవలసి ఉండేది. వాటిలో ఒకటి దయ్యాలు వెళ్లగొట్టేవాడి పట్టం. దాన్ని ఇచ్చేటప్పుడు పీఠాధిపతి ఆ ప్రార్థనల పుస్తకాన్ని అభ్యర్థి చేతిలో పెట్టేవాడు. పోప్ ఆరవ పౌలు 1972లో రద్దు చేసేదాకా ఈ పట్టం ఉంది. అంటే దయ్యానికి ఆజ్ఞాపించే అధికారాన్ని చర్చే తన మనుషులకు లాంఛనంగా చేతికిచ్చింది. పొమ్మని ఆజ్ఞాపించగలవాడు రమ్మని ఎందుకు ఆజ్ఞాపించలేడని కొందరికి ఆశ పుట్టింది. ఆ ఆశ తప్పు కావచ్చు, పాపం కావచ్చు. కానీ అది పుట్టింది క్రైస్తవ విశ్వాసం లోపలే.

శిల్పి, స్వర్ణకారుడు బెన్వెనుతో చెల్లీని తన ఆత్మకథలో చెప్పిన ఘటన దీనికి మంచి సాక్ష్యం. 1530లలో రోములో అతనికి సిసిలీకి చెందిన ఒక గురువు పరిచయమయ్యాడు. లాటిను, గ్రీకు బాగా వచ్చినవాడు. అప్పటికి చెల్లీని మనసు సిసిలీ అమ్మాయి ఆంజెలికా మీద ఉంది. ఆమె దూరమైంది. ఆమెను మళ్లీ కలిపించమని అడగడానికి రాత్రిపూట కొలోసియం శిథిలాల్లోకి వెళ్లారు. గురువు మాంత్రికుడి వేషం వేసుకుని నేలమీద వలయాలు గీశాడు, ధూపాలు వేశాడు. రెండోసారి వెళ్లినప్పుడు తన దుకాణంలో పనిచేసే పన్నెండేళ్ల పిల్లవాణ్ని చెల్లీని వెంట తీసుకెళ్లాడు. సజీవుడైన, నిత్యుడైన దేవుని శక్తి పేరు చెప్పి హీబ్రూ, గ్రీకు, లాటిను భాషల్లో గురువు దయ్యాల్ని పిలిచాడు. లక్షలాది భయంకర ఆకారాలు చుట్టుముట్టాయని పిల్లవాడు ఏడ్చాడు. గురువు కూడా వణికిపోయాడు. వచ్చినవాటిని తరమడానికి ఇంగువ పొగ వేయించారు. తెల్లవారుజాము ప్రార్థన గంటలు మోగేదాకా ఎవరూ వలయం దాటలేదు. ఆ తర్వాత గురువు చెల్లీనికి ఇచ్చిన సలహా గమనించదగ్గది. ప్రేమ వ్యవహారాలు వదిలెయ్యి, నోర్చా కొండల్లో ఒక మంత్రపుస్తకం తయారుచేసుకుని దాని సాయంతో నిధులు తీద్దాం రమ్మన్నాడు.

ప్రేమ, నిధి, పోయిన సొమ్ము, చదువు. ఈ తంతులన్నీ తిరిగేది ఈ నాలుగింటి చుట్టే. ‘లెమెగెటన్’ పట్టికలో అగారెస్ భాషలు నేర్పుతాడు. బ్యూయెర్ తర్కం, తత్వశాస్త్రం, మూలికల గుణాలు చెబుతాడు. ఆండ్రోమాలియస్ దొంగనూ పోయిన వస్తువునూ తెచ్చి ముందు పెడతాడు. లోకాన్ని సాతానుకు అప్పగించాలన్న కోరిక ఈ పట్టికలో వెతికినా దొరకదు. డబ్బులేని చదువుకున్న కుర్రవాడి కోరికలన్నీ మాత్రం దొరుకుతాయి.

ఇంగ్లండులో నార్‌ఫోక్ ప్రాంతపు సెయింట్ బెనెట్ మఠంలో విలియం స్టేపుల్టన్ అనే సన్యాసి ఉండేవాడు. పొద్దున్నే లేచి ప్రార్థనకు రావడం లేదని శిక్షలు పడుతూ ఉండేవి. మఠం విడిచిపోవడానికి అనుమతి కొనుక్కోవాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు కోసం 1528 ప్రాంతంలో మంత్రగ్రంథాలు, ఒక ఉంగరం, ఒక రేకు, వలయం, కత్తి సంపాదించుకుని నిధుల వేటకు బయల్దేరాడు. నిధి దొరకలేదు. జరిగిందంతా అతను రాసిన లేఖలోనే ఉంది. అతను మొదలుపెట్టింది సాతాను మీద ప్రేమతో కాదు, బద్ధకంతో. ఇలాంటివాళ్లు ఎంతమంది పెరిగారంటే, ఎనిమిదో హెన్రీ 1542లో చేసిన మంత్రవిద్య చట్టంలో దయ్యాల్ని పిలిచి నిధులు వెతకడాన్ని ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చింది.

అయితే సాతాను ఆరాధన అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రత్యర్థుల దగ్గర నుంచి. దయ్యాన్ని మనిషి బలవంతపెట్టలేడు కాబట్టి అది వచ్చిందంటే ఏదో ఒప్పందం ఉన్నట్టే, నోటితో చెప్పకపోయినా లోలోపల ఉన్నట్టే అన్నది అగస్టీను మొదలుకొని తోమా అక్వినాస్ దాకా వేదాంతులు పట్టుబట్టిన వాదన. వేదాంతంగా దానికి ఒక పద్ధతి ఉంది, కాదనలేం. కానీ అది నేరం మోపే పక్షం ఇచ్చిన వ్యాఖ్యానం. వలయంలో నిలబడినవాడు ఏం చేశాడు, ఏం పలికాడు అన్న వర్ణన కాదు. ఈ తేడా ఆ కాలపువాళ్లకు తెలుసు. ఆరగాన్‌లో విచారణాధికారిగా పనిచేసిన నికొలస్ ఎమెరిక్ 1376లో రాసిన గ్రంథంలో దయ్యాలకు దేవుడితో సమానంగా పూజ చేసేవాళ్లను ఒక వర్గంగా, పునీతుల పేర్లతో కలిపి వాటిని స్మరించేవాళ్లను ఇంకో వర్గంగా, నేలమీద బొమ్మలు గీసి పిల్లవాణ్ని కూర్చోబెట్టి పిలిచేవాళ్లను మరో వర్గంగా విడదీశాడు. అందరినీ మతద్రోహుల కిందే జమకట్టాడు, అది వేరే మాట. వాళ్లంతా ఒకటి కాదని మాత్రం ఆయన కలమే ఒప్పుకుంది. స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ 1597లో రాసిన ‘డెమనాలజీ’లో కూడా మంత్రగత్తెలు సాతానుకు బానిసలు, మాంత్రికులు దానికి యజమానులు అని లోకం అనుకునే తేడా నమోదైంది.

ఎమెరిక్‌కు తెలిసిన తేడా, జేమ్స్‌కు తెలిసిన తేడా ఇవాళ్టి వ్యాఖ్యాతలు మరిచిపోవడం బాధాకరం.

చరిత్రలో అసలు ఘోరం ఇక్కడే జరిగింది. చదువుకున్న గురువుల తంతును ఖండించడానికి అల్లిన ‘ఒప్పందం’ సిద్ధాంతాన్ని 15వ శతాబ్దం నుంచి ఊళ్లలోని నిరక్షరాస్యుల మీద వేశారు. చరిత్రకారుడు నార్మన్ కోన్ 1975లో వెలువరించిన ‘యూరప్స్ ఇన్నర్ డీమన్స్’ ఈ బదిలీ ఎలా సాగిందో వివరిస్తుంది. ఆ తర్వాతి మూడు శతాబ్దాల్లో ఐరోపాలో మంత్రగత్తెలన్న నేరం మీద 40,000 నుంచి 60,000 మందిని చంపారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో మూడొంతులకు పైగా ఆడవాళ్లు. ఎప్పుడూ వలయం గీయనివాళ్లు, లాటిను మాట నోట రానివాళ్లు. పక్కింటి ఆవు పాలివ్వకపోయినా, పసిబిడ్డ జబ్బుపడినా వాళ్ల మీదే నేరం పడింది. చేతబడి అనుమానంతో చంపేసిన వార్తలు తెలుగు రాష్ట్రాల నుంచి ఇప్పటికీ వస్తున్నాయి కనక, ఆ తర్కం ఎలా నడుస్తుందో ఇక్కడి పాఠకులకు వివరించనక్కర్లేదు.

ఆ రోజుల్లోనే ఒక వైద్యుడు దీన్ని ఎదిరించాడు. క్లీవ్స్ డ్యూక్ ఆస్థాన వైద్యుడు యోహాన్ వేయర్ 1563లో రాసిన పుస్తకంలో పుస్తకాలు పట్టుకు తిరిగే మాంత్రికులు వేరు, మనోవ్యాధితో ఏదేదో ఒప్పేసుకుంటున్న ముసలి ఆడవాళ్లు వేరు అని గొంతెత్తి చెప్పాడు. మొదటివాళ్లను శిక్షించండి, రెండోవాళ్లకు వైద్యం చేయించండి అన్నాడు. 1577లో ఆ గ్రంథానికి 69 దయ్యాల పట్టికను అనుబంధంగా చేర్చి, ఈ విద్య ఎంత డొల్లో లోకానికి చూపించాడు. ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ 1584లో ఆ పట్టికను ఇంగ్లీషులోకి తెచ్చాడు, అదీ జనం దాన్ని చూసి నమ్మడం మానాలనే. తర్వాత మాంత్రికులే ఆ పుస్తకాల నుంచి పట్టిక ఎత్తుకుని ‘లెమెగెటన్’లో చేర్చుకున్నారు. వేయర్, స్కాట్ ఇద్దరికీ జరిగిన అన్యాయమది.

ఈ తంతు సాతాను ఆరాధన కాదన్న మాటకు ఎదురుగా వినిపించే బలమైన ఉదాహరణ జిల్ ద రే. జాన్ ఆఫ్ ఆర్క్ పక్కన పోరాడిన ఫ్రెంచి ప్రభువు. ఎందరో పిల్లల్ని చంపిన నేరం మీద 1440 అక్టోబర్ 26న నాంత్‌లో ఉరితీశారు. ఫ్లారెన్సు నుంచి వచ్చిన ఫ్రాన్సెస్కో ప్రెలాతి అనే మతాధికారి అతని కోసం బారన్ అనే దయ్యాన్ని పిలిచేవాడు. పిల్లల శరీర భాగాలను దయ్యానికి సమర్పించారన్న సాక్ష్యమూ ఆ విచారణలో ఉంది. దాన్ని దాచనక్కర్లేదు. మ్యూనిక్ చేతిపుస్తకంలో కూడా కొన్ని ప్రయోగాలకు పక్షి బలి ఉంది. కానీ ఆ జిల్ ద రే కూడా దయ్యానికి రాసిచ్చిన చీటీలో నా ఆత్మ, నా ఆయుష్షు తప్ప ఏదైనా ఇస్తానని షరతు పెట్టుకున్నాడు. నరహంతకుడు సైతం ఆత్మను అమ్ముకోవడానికి సిద్ధపడలేదు. అతన్ని ఉరికంబం ఎక్కించింది పిల్లల హత్యలు. ఒక రాక్షసుడి కేసును తీసుకుని వందల రాతప్రతుల సంప్రదాయాన్ని నిర్వచించడం న్యాయం కాదు.

నెత్తురు సంతకం జనం మనసులో నాటుకున్నది 1587లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన ఫౌస్టు కథ నుంచి, ఆ తర్వాత మార్లో నాటకం నుంచి. తలకిందుల పంచకోణాన్ని చెడుకు గుర్తు చేసింది 19వ శతాబ్దపు ఎలిఫాస్ లెవీ. సాతాను పేరుతో బాహాటంగా ఒక మతసంస్థ పెట్టింది 1966లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఇవన్నీ కలిపి కుట్టిన బొమ్మను మధ్యయుగాల మీద కప్పి చూస్తున్నారు.

ఈ తంతు పనిచేసిందనో, మంచిదనో ఇక్కడ ఎవరూ అనడం లేదు. పసిపిల్లల్ని అర్ధరాత్రి శిథిలాల్లో కూర్చోబెట్టి భయపెట్టిన పని అది. అమాయకుల డబ్బు కాజేసిన పని. 1715 క్రిస్మస్ ముందురోజు రాత్రి జర్మనీలోని యేనా దగ్గర ఒక ద్రాక్షతోట గుడిసెలో ఒక విద్యార్థి, ఇద్దరు రైతులు నిధి కోసం ఆత్మల్ని పిలిచారు. పవిత్రమైన రాత్రి అని ఏరికోరి ఎంచుకున్నారు. చలికి కుండలో బొగ్గులు రాజేసుకున్నారు. మర్నాడు జనం తలుపు తీసేసరికి రైతులిద్దరూ చనిపోయి ఉన్నారు, విద్యార్థికి మాట పడిపోయింది. శవాలకు కాపలా పెట్టినవాళ్లలోనూ ఒకడు చనిపోయాడు. ఊరూరా సాతాను చంపాడన్న మాట పాకింది. హాలె విశ్వవిద్యాలయ వైద్యాచార్యుడు ఫ్రీడ్రిష్ హోఫ్మన్ మరుసటి ఏడాది ఒక గ్రంథం రాసి, మూసిన గదిలో బొగ్గుల పొగే ప్రాణం తీసిందని చూపించాడు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ప్రమాదమని జనానికి ముందే చెప్పి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి.

సాతాను కథ ఎప్పుడూ చేసే పని ఇదే. అసలు కారణం వైపు చూడనివ్వదు.

1980లలో అమెరికాలో మళ్లీ అదే జరిగింది. దేశమంతటా రహస్య సాతాను బృందాలు పిల్లల్ని బలి ఇస్తున్నాయన్న ప్రచారం లేచింది. కాలిఫోర్నియాలో మెక్‌మార్టిన్ పసిపిల్లల బడి మీద పెట్టిన కేసు ఏళ్ల తరబడి నడిచి, కోటిన్నర డాలర్లు మింగి, 1990లో ఒక్క నేరమూ రుజువు కాకుండా ముగిసింది. ఎఫ్‌బీఐ నిపుణుడు కెన్నెత్ లానింగ్ 1992 నివేదికలో అలాంటి వ్యవస్థీకృత బృందాలకు ఆధారం లేదని రాశాడు. బ్రిటన్‌లో మానవశాస్త్రవేత్త జీన్ లా ఫాంటేన్ 84 కేసులు పరిశీలించి 1994లో ఇచ్చిన నివేదికలోనూ సాతాను ఆరాధన రుజువైన కేసు ఒక్కటీ లేదు.

అదే 1994లో ఆర్కన్సా రాష్ట్రంలో డేమియన్ ఎకోల్స్ అనే యువకుడికి మరణశిక్ష, అతని ఇద్దరు స్నేహితులకు యావజ్జీవం పడ్డాయి. ముందటేడు వెస్ట్ మెంఫిస్‌లో జరిగిన ముగ్గురు ఎనిమిదేళ్ల పిల్లల హత్య సాతాను తంతు అని ప్రాసిక్యూషన్ వాదించింది. ఎకోల్స్ నల్లబట్టలు వేసుకునేవాడు, మంత్రవిద్యల పుస్తకాలు చదివేవాడు. అతని రాతల్లో మంత్రవిద్యల రచయిత అలీస్టర్ క్రౌలీ పేరు ఉంది. అదంతా సాక్ష్యమై కూర్చుంది. తపాలా ద్వారా డాక్టరేటు తెచ్చుకున్న ఒక ‘నిపుణుడు’ బోనెక్కి ఇది క్షుద్ర హత్య అన్నాడు. ఆ పుస్తకాల్లో నిజంగా ఏముందో తెలిసిన చరిత్రకారుణ్ని ఎవరైనా అడిగి ఉంటే, నేరానికీ వాటికీ ముడిపెట్టడానికి ఏమీ లేదని చెప్పేవాడు. ఎకోల్స్ 18 ఏళ్లకు పైగా జైల్లో, మరణశిక్ష ఖైదీల గదిలో గడిపాడు. 2011 ఆగస్టులో ముగ్గురూ బయటికి వచ్చారు, అదీ తాము నిర్దోషులమని చెబుతూనే నేరాంగీకార పత్రం మీద సంతకం పెట్టాక. ఆర్కన్సా రికార్డుల్లో ఆ ముగ్గురూ నేటికీ దోషులే.